వెనక సీటులో ఆవకాయ జాడీ

పొగడదిన్నె ఏలే ఉద్దండరాయలికి ఉన్నట్టుండి గుర్రాలు మొహం మొత్తాయి. ఏనుగులు ఎప్పుడో మొత్తాయి. ఈసారి రేసు బైకు తెప్పించాడు. ఎర్రటిది. ఆపి ఉంచినా పరిగెడుతున్నట్టే ఉంటుంది.

దానికి తోడు తెల్ల పట్టు కోటు కుట్టించుకుని, నిండు కొలువులో చెప్పాడు.

"శుక్రవారం కోనవరంలో పెద్దమ్మ మనవడికి అన్నప్రాశన. అమ్మని నా వెనక కూర్చోబెట్టుకుని నేనే తీసుకెళ్తాను!"

సభంతా చప్పట్లు కొట్టింది. రాజమాత రత్నమాంబ కొట్టలేదు.

అంతకుముందే కోట చుట్టూ ఒక్క చుట్టు తిప్పాడు ఆమెని. దిగాక మోకాళ్ళు ఆమె మాట వినలేదు. ఆ వెనక సీటు అరచేయంత. ముందుదాని కన్నా జానెడు ఎత్తు. కాళ్ళు ముడుచుకుని కప్పలా కూర్చోవాలి. పోనీ, సీటుని ఎలాగో భరించేది. కొడుకు యాక్సిలరేటరు మీద పిడికిలి తిప్పితే ప్రాణం వెనక్కి పోయేది. బ్రేకు వేస్తే వచ్చి గొంతులో కూర్చునేది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు కొడుకు, మొహం మతాబాలా వెలిగిపోతుంటే.

ఆ మొహం చూసి నిజం చెప్పలేకపోయింది.

"సీటు బాలేదు నాయనా."

అంతే, నేరం సీటు మీదకి పోయింది.

"అమ్మకి హాయిగా ఉండేట్టు సీటు బాగు చేసినవాడికి నా పచ్చల ఉంగరం!" అన్నాడు రాజు.

ఆస్థాన యంత్రాచార్యుడు పరాంకుశం లేచాడు. ఆయన వస్తుంటే ముందు మీసం వచ్చేది, తరవాత ఆయన వచ్చేవాడు.

"నాకిది చిటికెలో పని ప్రభూ. ఏవోయ్ గవరయ్యా, నువ్వూ కుడతావా సీటు, కబుర్లతో?"

గవరయ్యకి కొలువులో పనల్లా రాజుని నవ్వించడమే.

"చూద్దాం ఆచార్లుగారూ."

"ఓడినవాడు గెలిచినవాడికి నెల్లాళ్ళు గొడుగు పట్టాలి!"

"అలాగే. గొడుగు మాత్రం మీరే తెచ్చుకోండి."

ముందు పరాంకుశం వంతు. హంసతూలికా పరుపు వేశాడు. వెనక సింహాసనం వీపు బిగించాడు. పైన వెండి గొడుగు నిలబెట్టాడు. రత్నమాంబ ఎక్కింది. కొడుకు పిడికిలి తిప్పాడు. గొడుగులోకి గాలి దూరింది. ఆమె సీటు మీంచి గాలిపటంలా లేచింది. దాసి కొంగు పట్టుకుని లాగబట్టి సరిపోయింది.

"గాలి తప్పు," అన్నాడు పరాంకుశం.

ఆ సాయంత్రం రత్నమాంబ అక్క కోసం పెట్టిన ఆవకాయ జాడీ మూతికి వాసెన గుడ్డ కడుతూ కూర్చుంది. జాడీనైనా పంపిద్దామని. కారెక్కితే కొడుకు చిన్నబోతాడు. బైకెక్కితే అక్కని చూడ్డానికి తను మిగలదు.

గవరయ్య వచ్చి నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఒక్క మాట. ఆ సీటు నొప్పి నడుంలోనా, గుండెలోనా?"

ఆమె గుడ్డ ముడి ఇంకాస్త బిగించింది.

"కొడుకు కదా," అంది.

గవరయ్య జాడీకేసి చూశాడు.

"కొత్తావకాయేనా తల్లీ? నూనె తేరిందా?"

"అంచుదాకా."

"అయితే ఆ ముడి కాస్త వదులు చెయ్యండి. జాడీ మీతోనే వస్తుంది."

శుక్రవారం పొద్దున బైకు కోట వాకిట్లో ఉంది. కాళ్ళు చాపుకునేందుకు గవరయ్య పాదాల కమ్మీలు కిందికి దింపించాడు. సీటు మీద పాత బొంత మడతేసి కట్టాడు. పట్టుకోడానికి రాజు నడుం పట్టీకి తోలు పిడి కుట్టించాడు.

"ఇంతేనా!" పరాంకుశం మీసం నవ్వింది.

"ఇంకొకటుంది," అని గవరయ్య జాడీ తెచ్చి రాజమాత ఒళ్ళో పెట్టాడు. "అక్కగారింటికి ఉత్తి చేతులతో వెళ్తారా ఎవరైనా?"

"అదీ నిజమే," అన్నాడు రాజు. తెల్ల కోటు సవరించుకుని ముందుకి వంగి కూర్చున్నాడు. జాడీ మూతి సరిగ్గా ఆయన మెడ మీదకి వచ్చింది. కొలువంతా వెనక కార్లలో బయల్దేరింది.

కోట గుమ్మం దాటగానే రాజు పిడికిలి బర్రున తిప్పాడు. అడ్డంగా గేదె. బ్రేకు. జాడీ ముందుకి వంగి ఓ నమస్కారం పెట్టింది.

"అమ్మా!"

"ఏం నాయనా?"

"మెడ మండుతోంది."

"ఆవకాయ."

రాజు మెడ తడుముకున్నాడు. వేళ్ళు ఎర్రగా వచ్చాయి. కోటు కాలరు అంతకన్నా ఎర్రగా ఉంది. జాడీలో ఇంకా బోలెడుంది.

ఆ తరవాత బైకు పెళ్ళికూతురి పల్లకీ అయిపోయింది. గతుకు కనిపిస్తే రాజు ఆమడ దూరం నుంచే తగ్గించేవాడు. మలుపు వస్తే దాన్ని బతిమాలి తిరిగేవాడు. బాతుల గుంపు రోడ్డు దాటేదాకా ఆగాడు.

రత్నమాంబ మొదటిసారి కళ్ళు తెరిచింది. రెండువైపులా మిరప తోటలు.

"ఆ కొంగల్ని చూడు నాయనా," అంది.

కోనవరంలో ఆమె దిగింది. మోకాళ్ళు మాట విన్నాయి.

"ఎలా ఉందమ్మా?"

"హాయిగా ఉంది."

ఈసారి నిజమే చెప్పింది. రాజు పొంగిపోయి గవరయ్యని కౌగిలించుకున్నాడు.

"హంసతూలిక వల్ల కానిది పాత బొంతతో ఎలా సాధించావయ్యా?"

గవరయ్య చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, బొంత వేసింది వెనక సీటుకి. మెత్త వేసింది తమరి కుడి పిడికిలికి!"

రాజు తన కుడి చెయ్యి చూసుకున్నాడు. మెడ తడుముకున్నాడు. జాడీని చూశాడు. అమ్మని చూశాడు. అమ్మ ఎక్కడో కొంగల్ని చూస్తోంది.

"సీటు బాలేదన్నావు కదమ్మా!" అంటూ పగలబడి నవ్వాడు రాజు. వాకిలంతా నవ్వింది. పచ్చల ఉంగరం గవరయ్య వేలికెక్కింది. ఎవరూ అడక్కుండానే పరాంకుశం కారులోంచి వెండి గొడుగు తీసి, విప్పి గవరయ్య వెనక నిలబడ్డాడు. మీసం మాత్రం ఇంకోవైపు తిప్పుకున్నాడు.

ఈలోగా అక్కగారు జాడీ అందుకుంది.

"ఆవకాయ తీసుకుని జాడీ కడిగించి ఇస్తానే చెల్లీ."

"ఖాళీ జాడీ తిప్పి పంపకూడదక్కా," అంది రత్నమాంబ. "నూనె పోసివ్వు. అంచుదాకా. తిరుగు ప్రయాణం ఉంది."