తుమ్మెద ఆయాసం

అనగనగా, మబ్బులు కూడా రొప్పుతూ ఎక్కే ఎత్తైన కొండల్లో ఒక గొర్రెల మంద ఉండేది. ఆ మందను కాసే పడుచు కుక్క పేరు తుమ్మెద. దానికి కాలు ఒక్కచోట నిలిచేది కాదు. పడుకుంటే లేచేది, లేస్తే తిరిగేది. ఎందుకంటే దాని కడుపులో ఒక రహస్యం ఉంది. దాని ముత్తవ్వ ఓ తోడేలు!

అమ్మ చిన్నప్పుడే చెప్పింది.

"మనవాళ్ళు ఎప్పుడో కింది మైదానం నుంచి వచ్చారే. ఇక్కడ గాలి పలచన. ఊపిరి చాలక వాళ్ళ రక్తం గంజిలా చిక్కబడింది. చాలామంది పోయారు. ఒక కుక్క మాత్రం ఈ కొండ తోడేలుతో జతకట్టింది. వాళ్ళ పిల్లలకు రక్తం చిక్కబడలేదు. ఆ పిల్లల పిల్లలమే మనం. మన కాపరులూ అంతే. వాళ్ళ పెద్దలు ఇక్కడి పాత మనుషులతో కలిశారు. ఆ వరం తల్లి నుంచి బిడ్డకు దిగుతూనే ఉంది."

"మరి గొర్రెలకు చెప్పనా?"

"చంపేస్తాను! తోడేలు మనవరాలిని ఏ గొర్రె నమ్ముతుంది?"

అందుకే కొండ ఎక్కేటప్పుడల్లా తుమ్మెద నాలుక వేలాడేసి, మైదానం కుక్కలా "హుఫ్, హుఫ్" అని రొప్పేది. అంతా నటనే.

ఆ వేసవిలో ఉప్పు వర్తకులతో సింగన్న అనే మైదానం కుక్క వచ్చాడు. మంచి బలశాలి. వర్తకులు కొండ కింద గుడారం వేసుకుని, అతణ్ణి మందకు తోడుగా పంపారు. మంద కాపరి ముందు వెళ్ళిపోయాడు. కనుమ అవతలి పచ్చికకు మందను తోలుకెళ్ళే పని ఈ ఇద్దరిదీ.

మొదటి మలుపులో సింగన్నకు రొప్పు వచ్చింది. "ఏమ్మా, నీకూ ఇంతేనా?"

"ఆఁ, అన్నా! అందరికీ ఇంతే," అని తుమ్మెద ఇంకా గట్టిగా రొప్పింది.

రెండో మలుపులో సింగన్న తల పగిలిపోతోంది. తిన్నదంతా కక్కేశాడు. "ఆగుదామా అన్నా?" అంది తుమ్మెద. "ఆడపిల్లవి, రొప్పుతూనే ఎక్కుతున్నావు. నేనాగితే నా మీసాలకు సిగ్గుచేటు కాదూ?" అన్నాడు సింగన్న.

మూడో మలుపులో సింగన్న కూలబడ్డాడు. నాలుక నీలం తిరిగింది. అయినా లేవబోయాడు. "నీకూ ఇలాగే ఉంది కదా. నువ్వు బాగానే ఉన్నావు. నాకేమవుతుంది?"

తుమ్మెద అతని చుట్టూ తిరిగింది. మళ్ళీ తిరిగింది. చెప్పకపోతే వీడు పైకెక్కి చస్తాడు. చెబితే మంద తనను తరిమేస్తుంది. గొర్రెలన్నీ చెవులు రిక్కించి చూస్తున్నాయి. తుమ్మెద నాలుక లోపలికి లాక్కుని, నోరు మూసుకుంది. ఒక్క క్షణం దాని డొక్కలు కూడా కదలలేదు.

"అన్నా, నాకు ఆయాసం లేదు. ఎప్పుడూ లేదు. నటించాను. మా ముత్తవ్వ తోడేలు. ఆవిడ రక్తమే నన్ను ఇక్కడ నిలబెడుతోంది. నీకది లేదు. దిగిపోకపోతే చస్తావు."

గొర్రెలు ఒక్కసారిగా వెనక్కి జరిగాయి. "ఓసి దొంగమొహమా! ఇన్నాళ్ళూ మా పక్కనే పడుకున్నావా?" అంది ముసలి గొర్రె బూరవ్వ.

"నా ప్రాణం తీయబోయావు కదే!" అని సింగన్న గుర్రుమన్నాడు.

"అవునన్నా. తీరిగ్గా తిడుదువుగాని, ముందు దిగు."

దాని భుజం ఆసరాగా సింగన్న దిగాడు. మలుపు దిగిన కొద్దీ ఊపిరి అందింది. వర్తకుల గుడారం చేరేసరికి తిట్లు కూడా బాగానే అందాయి.

తుమ్మెద ఆగకుండా పైకి పరుగెత్తుకొచ్చింది. మంద అక్కడే ఉంది. బూరవ్వ ఒక్క అడుగు ముందుకేసింది.

"పిల్లలకు నువ్వంటే భయం. నాకూ భయమే, దాచడమెందుకు? కానీ నీకు నష్టమని తెలిసీ నిజం చెప్పావు. ఎడంగా నడువు. మాతో నడవడం మాత్రం మానకు."

తుమ్మెద మంద వెనక, కాస్త ఎడంగా, తల ఎత్తుకుని కనుమ దాటింది.

నీతి: పుట్టుకతో వచ్చిన బలాన్ని సిగ్గుపడి దాచుకుంటే, మనల్ని చూసి అడుగేసేవాళ్ళు ఆపదలో పడతారు.