దూదిధార దగ్గర రెండో వంతు

వెదుళ్ళకోన అనే అడవిలో ఎలుగుబంట్లు, అడవిపందులు, నెమళ్ళు, నీటిపిల్లులు, ఇంకా లెక్కపెట్టలేనన్ని ఉడతలు ఉండేవి. ఆ అడవి మధ్యనుంచి గుమ్మిడేరు పారేది. పిల్లలూ, ముందే చెబుతున్నాను, ఈ కథలో నవ్వుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా వినండి. విననివాళ్ళ వల్ల జరిగిన కథే ఇది.

గుమ్మిడేరు ఒకచోట రెండు కొండల మధ్య ఇరుక్కుని పారుతుంది. అక్కడ కుడివైపు కొండమీంచి నీళ్ళు ఏకిన దూదిలా తెల్లగా జారిపడతాయి. దాన్ని దూదిధార అనేవారు. అక్కడికి కాలిబాట లేదు. చూడాలంటే నీటిమీద వెళ్ళాల్సిందే.

అలా తీసుకెళ్ళి చూపించడమే నీలాలు అనే నీటిపిల్లి పని. ఆమెకు వెదురుతో కట్టిన పెద్ద తెప్ప ఉండేది. ఎక్కినవాళ్ళు తలా ఒక చేపో, పండో ఇచ్చేవారు. వాటితోనే ఆమె తన పిల్లలను పెంచుకునేది.

తెప్ప ఎక్కించడానికి నీలాలుకు ఒక పద్ధతి ఉంది. బరువైనవాళ్ళు నడిమధ్య కూర్చోవాలి. తేలికైనవాళ్ళు రెండు అంచుల్లో, బయటివైపు మొహం పెట్టి కూర్చోవాలి. కూర్చున్నాక ఎవరూ లేవకూడదు.

దూదిధార ఎదురుగా నీళ్ళ అడుగున బండరాయికి ఒక గుంట ఉంది. నీలాలు తన గెడను ఆ గుంటలో పాతి, దాన్ని పట్టుకుని తెప్పను తిరగలిలా మెల్లగా తిప్పేది. ముందు కుడివైపువాళ్ళు ధారను చూస్తారు. తెప్ప తిరిగాక ఎడమవైపువాళ్ళు చూస్తారు. కింద నీళ్ళు చాలా లోతు, పైగా సుడి తిరుగుతుంటాయి. అందుకే ఈ జాగ్రత్త.

రేవులో తాడు విప్పేముందు ఆమె అందరిచేతా ఒక మాట అనిపించేది. "తెప్ప తిరుగుతుంది, మనం తిరగం." చిన్నా పెద్దా అందరూ ఆ మాట అన్నాకే తాడు విప్పేది. అనని వాళ్ళను దించేసేది. ఎలుగుబంటి అయినా సరే, మొహమాటం లేదు.

తెప్ప ముందుభాగంలో వన్నెగాడు అనే నెమలి నిలబడేవాడు. దారిలో కనబడే కొండల గురించి, గుహల గురించి చెప్పడం వాడి పని. మంచి మాటకారి. మామూలు బండరాయిని కూడా వాడు వర్ణిస్తే మళ్ళీ తిరిగి చూడాలనిపించేది. ఆ సంగతి ఒప్పుకోవాలి.

కానీ వాడికి ఒక జబ్బుండేది. తను చెప్పగానే తెప్పమీద ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా "అబ్బా" అనాలి. అది వినకపోతే ఆ పూట వాడికి తిండి సయించేది కాదు.

నీలాలు పద్ధతిలో ఆ "అబ్బా" రెండు ముక్కలుగా వచ్చేది. కుడివైపువాళ్ళు ముందు అనేవారు. ఎడమవైపువాళ్ళు ధారకు వీపు పెట్టి తమ వంతు కోసం కూర్చునేవారు. తెప్ప తిరిగి వాళ్ళు చూసేసరికి వన్నెగాడి ఉత్సాహం కాస్తా చల్లారిపోయేది.

"అక్కా, అందరినీ ఒక్కసారి ఇటు రమ్మంటే ఏం పోతుంది?" అని అడిగాడొకరోజు.

"తెప్ప పోతుంది," అంది నీలాలు.

వాడి చెవికి ఎక్కితే కదా. ఎండాకాలంలో ఏరు బాగా తగ్గింది. సుడి కూడా లేదు. ఒకనాడు తెప్పమీద ఉడతలు, గోరింకలు తప్ప ఎవరూ లేరు. నీలాలు వంగి గెడ పాతుతూ ఉంది. వన్నెగాడు పింఛం విప్పి, "అందరూ ఇటు రండి, కళ్ళారా చూడండి," అని కేకేశాడు. అందరూ కుడివైపుకు ఉరికారు. తెప్ప కొంచెం ఒరిగి మళ్ళీ నిలబడింది. అందరి నోటా ఒకేసారి వచ్చిన "అబ్బా" రెండు కొండల మధ్య మారుమోగింది. వన్నెగాడు గాల్లో తేలిపోయాడు.

రేవుకు వచ్చాక నీలాలు వాడిమీద విరుచుకుపడింది. "బుద్ధుందా నీకు? అందరినీ ముంచేద్దామనుకున్నావా?"

"ఏమైందక్కా? ఏమీ కాలేదు కదా," అన్నాడు వాడు తాపీగా.

"వాళ్ళు ఉడతలు. ఏట్లో నీళ్ళు తక్కువ. అందుకే కాలేదు. ఇంకోసారి ఇలా చేస్తే నిన్ను తెప్ప ఎక్కనివ్వను."

"నువ్వు ఊరికే భయపడతావు," అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

వాడు చేసిన పని అడవంతా పాకింది. వన్నెగాడు ధారను అందరికీ ఒకేసారి చూపిస్తాడట, చూసితీరాలట అని చెప్పుకున్నారు. రేవు దగ్గర జనం పెరిగారు. నీలాలు పిల్లలకు కడుపునిండా తిండి దొరికింది. వన్నెగాడు మళ్ళీ ఆ పని చేయలేదు గానీ, దాని గురించి గొప్పలు చెప్పడం మానలేదు. నీలాలుకు లోపల గుబులుగానే ఉండేది. అయినా వాణ్ణి మాన్పించలేదు. వాడు లేకపోతే జనం రారని ఆమె భయం. ఆమె చేసిన తప్పు అదొక్కటే. దాన్ని నేను దాచను.

వానలు మొదలయ్యాయి. గుమ్మిడేరు ఎర్రగా, నిండుగా పారుతోంది. అప్పుడు ఎర్రమెట్ట నుంచి సోమాలమ్మ అనే ముసలి కుందేలు వచ్చింది.

ఎర్రమెట్టమీద వాగు లేదు, చెరువు లేదు. అక్కడి కుందేళ్ళు గడ్డిమీది మంచు నాకి దాహం తీర్చుకుంటాయి. ఎప్పుడో గింజలు ఏరుకోవడానికి అటు వెళ్ళిన వన్నెగాడు దూదిధార గురించి వాళ్ళకు చెప్పాడు. నీళ్ళు కొండమీంచి దూదిలా జారిపడతాయంటే మిగతావాళ్ళు నమ్మలేదు. సోమాలమ్మ నమ్మింది. చచ్చేలోపు ఒక్కసారి చూడాలని పట్టుబట్టింది. ఇంట్లోవాళ్ళు వద్దంటే వాళ్ళతో మాట్లాడడం మానేసింది. చివరికి వాళ్ళే దిగివచ్చారు. మనవళ్ళు, మనవరాళ్ళు కూడా ఆమె వెంటబడి వచ్చారు.

"మాకెవరికీ ఈత రాదు అమ్మాయీ," అంది సోమాలమ్మ నీలాలుతో. "పిల్లలు జాగ్రత్త అని నా కొడుకు వెయ్యిసార్లు చెప్పి పంపాడు."

"నా తెప్ప ఎక్కినవాళ్ళను మళ్ళీ మీ మెట్టమీద నేనే దింపుతాను అవ్వా," అంది నీలాలు. ఆమె ఎవరికైనా మాటిస్తే తప్పదని అడవిలో అందరికీ తెలుసు.

ఆరోజు ఎలుగుబంట్ల కుటుంబం, అడవిపందుల మంద కూడా తెప్ప ఎక్కాయి. నీలాలు వాళ్ళను నడిమధ్య కూర్చోబెట్టింది. కుందేళ్ళను ఎడమ అంచున కూర్చోబెట్టింది.

"మాకు ముందు కనబడదా?" అని అడిగింది సోమాలమ్మ.

"మీది రెండో వంతు అవ్వా. తెప్ప తిరిగాక మీకే బాగా కనబడుతుంది."

"సరేలే. ఇన్నేళ్ళు ఆగినదాన్ని, ఆ కాసేపు ఆగలేనా," అని ముసలామె పిల్లలను దగ్గరికి తీసుకుంది.

"తెప్ప తిరుగుతుంది, మనం తిరగం," అని అందరూ అన్నారు. కుందేలు పిల్లల్లో అన్నిటికంటే చిన్నది బుడ్డి. దానికి ఆ మాట ఎంత నచ్చిందో, దారిపొడుగునా అదే అంటూ కూర్చుంది.

దూదిధార కనబడింది. వానాకాలం కదా, కొండ కొండంతా తెల్లగా పొంగుతోంది. నీలాలు గెడ పాతడానికి వంగింది. వన్నెగాడు తెప్పను ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. అంత మందిని వాడు ఎప్పుడూ చూడలేదు. ఇంతమంది ఒక్కసారిగా "అబ్బా" అంటే ఎలా ఉంటుందో అనుకున్నాడు. ఎండాకాలంలో ఏమీ కాలేదు కదా అనుకున్నాడు. పింఛం విప్పాడు.

"అందరూ ఇటు రండి. ఇలాంటిది జన్మలో మళ్ళీ చూడరు," అని కేకేశాడు.

"కూర్చోండి, కదలకండి," అని నీలాలు అరిచింది. ధార హోరులో ఆమె గొంతు ఎవరికీ వినబడలేదు. ఎలుగుబంట్లు లేచాయి. వాళ్ళ వెనకే పందులు లేచాయి. అంత బరువూ ఒక్కసారిగా కుడివైపుకు వెళ్ళింది.

కుడి అంచు నీళ్ళలో మునిగింది. ఎడమ అంచు పైకి లేచి తెప్ప బోల్తాపడింది. వన్నెగాడు రెక్కలు విప్పి ఎగిరి ఒడ్డున బండమీద వాలాడు. వాడికి రెక్కలున్నాయి కాబట్టి బతికిపోయాడు.

ఎలుగులు, పందులు ఈదుకుంటూ ఒడ్డెక్కాయి. కుందేళ్ళు మునిగిపోయాయి. నీలాలు సుడిలోకి దూకింది. మునిగి వెతికింది, తేలింది, మళ్ళీ మునిగింది. ఒంట్లో సత్తువ అయిపోయేదాకా వెతికింది. ఒక్క బుడ్డి మాత్రం చేతికి దొరికింది. మిగతావాళ్ళను గుమ్మిడేరు తిరిగి ఇవ్వలేదు.

నీలాలు బుడ్డిని ఎత్తుకుని ఎర్రమెట్టకు బయలుదేరింది. మాటిచ్చింది కాబట్టి వెళ్ళింది. వన్నెగాడు ఆమె వెనకే వచ్చాడు.

"వాళ్ళతో నేను మాట్లాడతాను అక్కా. ఎలాగోలా నచ్చజెబుతాను. నాకు మాటలు వచ్చు," అన్నాడు.

నీలాలు బుడ్డిని ఇంకా దగ్గరికి పొదువుకుని నడిచింది.

మెట్టమీద కుందేళ్ళన్నీ ఎదురొచ్చాయి. బుడ్డి తల్లి బుడ్డిని అందుకుని, మిగతా పిల్లలు వస్తున్నారేమో అని వాళ్ళు వచ్చిన దారివైపే చూస్తూ నిలబడింది. ఎవరూ రాలేదు. నీలాలు జరిగింది జరిగినట్టు చెప్పింది. మెట్టంతా ఏడుపులే. సోమాలమ్మ కొడుకు మాత్రం ఏడవలేదు. నేరుగా వన్నెగాడి దగ్గరికి వచ్చాడు.

"మా అమ్మ నీ మాటలు వినే అంత దూరం వచ్చింది. పోనీ, ఆమె కోరికైనా తీరిందా? ధారను చూసి ఏమంది? నువ్వు బాగా చెబుతావుగా, చెప్పు. అదొక్కటి వింటాను," అన్నాడు.

వన్నెగాడు నోరు తెరిచాడు. మాట రాలేదు. ధార దగ్గర వాడు తన పింఛం వైపు చూసుకున్నాడు, జనం వైపు చూశాడు. ఎడమ అంచున కూర్చున్న ముసలామె వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

బుడ్డి తన తల్లి ఒళ్ళోంచి తల ఎత్తింది.

"అవ్వ చూడలేదు నాన్నా. అటు తిరిగి కూర్చుంది. అందరూ లేస్తే మేమూ లేవబోయాం. తెప్ప తిరుగుతుంది, మనం తిరగం అని మమ్మల్ని గట్టిగా పట్టుకుంది," అంది.



ఏటికి తిరిగి వచ్చాక నీలాలు తెప్ప కట్లు కోసేసి వెదుళ్ళను ఏటిలో వదిలేసింది. నీ తప్పేం లేదు, మళ్ళీ కట్టు, మేం ఎక్కుతాం అని ఎలుగుబంట్లు బతిమాలాయి. ఆమె వినలేదు. చేపలు పట్టుకుని, అర్ధాకలితో పిల్లలను పెంచుకుంది. దూదిధారను చూపించేవాళ్ళు మళ్ళీ ఎవరూ రాలేదు.

వన్నెగాడికి ఆ పూట పోయిన మాట మళ్ళీ రాలేదు. మబ్బు పట్టి ఏటికి కొత్తనీరు వస్తుందనగానే ధార ఎదుటి బండమీద నిలబడి గొంతు చించుకుని అరుస్తాడు. లేవకండి అని చెబుదామనుకుంటాడట. నోట్లోంచి అరుపే వస్తుంది. కింద ఏరు ఖాళీగా పారుతూ ఉంటుంది.

నీతి: మెప్పు కోసం కట్టుబాటు దాటేవాడు తను ఎగిరి తప్పించుకోవచ్చు, మునిగిపోయేది మాత్రం ఆ కట్టుబాటును నమ్మి కూర్చున్నవాళ్ళే.