జత లేని కెంపు

నల్లమడుగు రాజు కుముదభూపతికి ఒకరోజు రాణిగారిని మురిపించాలనిపించింది. ఏటిగట్టు మామిడితోట ఇచ్చేసి, రత్నాల వర్తకుడు ఉజ్జినయ్య దగ్గర ఒక కెంపు కొన్నాడు.

ఆ కెంపు ఎంత ఎర్రగా ఉందంటే, దాని పక్కన మునిమాపు ఆకాశం కూడా కాస్త వెలిసిపోయినట్టుండేది.

"దేవీ, ఈ కెంపు ఎంత నిజమో నా ప్రేమ అంత నిజం," అన్నాడు రాజు.

రాణి చందలదేవి దాన్ని వెలుగులో పెట్టి చూసింది.

"ఇది గాజులా ఉందే," అంది. ఆ తర్వాత రాజుతో మాటలు మానేసింది. పైగా ఆ తోట పెళ్ళయిన కొత్తలో వాళ్ళిద్దరూ ఉయ్యాల ఊగిన తోట.

రాజుకి అన్నం సయించలేదు. ఉజ్జినయ్యని సభకు పిలిపించాడు. అతని వేళ్ళన్నిటికీ ఉంగరాలే. ఒకదానికొకటి రాసుకుంటాయని చేతులు ఎడంగా ఉంచే దణ్ణం పెట్టాడు.

"అనుమానముంటే ఆకురాయితో గీయించుకోండి ప్రభూ. గీత పడితే మాత్రం వెనక్కి తీసుకోను. గీతలు పడ్డ సరుకు నేను అమ్మలేదు."

"గీత పడకపోతే?"

"అసలుదని తేలినట్టే కదా. అప్పుడూ తీసుకోను."

సభలో అందరూ కాసేపు ఆలోచించారు. తప్పెక్కడుందో ఎవరికీ దొరకలేదు.

రాజుగారికి తాంబూలం అందించే బొప్పన మెల్లగా అడిగాడు. "ఇంతకీ దీని గొప్పేమిటి అయ్యగారూ?"

"జత లేకపోవడమే దీని గొప్ప. సముద్రాల అవతల కొండ కడుపులో పుట్టింది. దీనికి జత ఈ భూమ్మీద ఎక్కడున్నా నా సరుకు గాజని ఒప్పుకుని, తోట వదిలేసి పోతాను."

"అందరూ విన్నారుగా," అని బొప్పన ఆకుకి సున్నం రాసుకున్నాడు.

మధ్యాహ్నం అతను ఉజ్జినయ్య ఇంటికి వెళ్ళి కూర్చున్నాడు.

"ఏం బొప్పనా, రాణిగారు కెంపు పెట్టుకున్నారా?"

"ఎలా పెట్టుకుంటారయ్యా? ఆవిడకి చెవులు రెండు."

ఉజ్జినయ్యకి ఆ సంగతి ఇప్పటిదాకా తట్టలేదు.

"ఒక చెవికి కెంపు పెడితే రెండోది చిన్నబుచ్చుకోదూ? అన్నట్టు రాజుగారికి సంపెంగతోట కూడా ఉంది. పూసే కాలంలో ఆ గాలికి మనిషి ఊరికే ప్రేమలో పడిపోతాడు."

"జత దొరకడం చాలా కష్టం," అన్నాడు ఉజ్జినయ్య, అప్పుడే కష్టపడుతున్నట్టు కళ్ళు మూసుకుని.

మర్నాడు పొద్దున్నే బరిణె పట్టుకుని సభకి వచ్చాడు.

"సముద్రం దాటి వెళ్ళొచ్చావా?" అన్నాడు రాజు.

"గాలి కలిసొచ్చింది ప్రభూ."

బొప్పన తమలపాకుల పళ్ళెంలో రెండు కెంపులూ వేసి, రాజు పక్కన కూర్చున్న రాణిగారికి చూపించాడు. ఒకే రంగు, ఒకే మెరుపు. అంచున చీమ తలంత బుడగ, అది కూడా రెండింటికీ ఒకేచోట. పళ్ళెం ఒకసారి కుదిపి ఉజ్జినయ్య ముందు పెట్టాడు.

"వీటిలో నిన్న జత లేదన్నది ఏది అయ్యగారూ?"

ఉజ్జినయ్య అటు చూశాడు, ఇటు చూశాడు. ధీమాగా ఒకదాన్ని చూపించాడు. "ఇదిగో, ఇదే."

"మరి ఆ రెండోది?"

"అది దీని జత."

అనేశాక తను ఏమన్నాడో తనకే వినబడింది. సభ గొల్లుమంది. ఉజ్జినయ్య రెండు రాళ్ళూ బరిణెలో వేసుకుని, తోట తాళంచెవి పళ్ళెంలో పెట్టాడు. ఈసారి దణ్ణానికి చేతులు బాగానే కలిశాయి.

అప్పుడు రాణి నోరు విప్పింది.

"మీ ప్రేమకి కూడా ఎక్కడైనా జత ఉందేమో, బొప్పన చేత కనుక్కోమంటారా?"

రాజు గబగబా చేతి బంగారు కడియం తీసి బొప్పనకిచ్చాడు. "ఇది ఉంచుకో. ఇంక ఏమీ కనుక్కోకు."

బొప్పన కడియాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ప్రభూ, దీనికి జత ఉన్నట్టుంది."

రాణి పకపకా నవ్వింది. రాజు రెండో చేతిది కూడా తీసిచ్చాడు.