సన్నెమ్మ కొడుకులు ఆయిలు లీకు పట్టిన వైనం

చోడవరం దగ్గర ఒక ఊళ్ళో సన్నెమ్మ అనే ఆవిడకి ముగ్గురు కొడుకులు. గవర్రాజు, జోగినాయుడు, కొండబాబు. ఊరి తెలివంతా తమ ఇంట్లోనే కాపురముందని ముగ్గురికీ గట్టి నమ్మకం. ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా అలాగే చేస్తారు. తెలివంటే అదేనని వాళ్ళ ఉద్దేశం.

సన్నెమ్మకి కంట్లో పొర వచ్చింది. శుక్రవారం పొద్దున అనకాపల్లిలో ఆపరేషన్. అమ్మని దర్జాగా తీసుకెళ్ళాలని తమ పాత కారు ఇంజన్ మొత్తం విప్పించి, బోరు చేయించి, మళ్ళీ బిగించి తెచ్చుకున్నారు. తెల్లారి చూస్తే ఇంకేముంది, కారు కింద ఆయిలు మడుగు కట్టింది.

గవర్రాజు మీసం దువ్వాడు. "ఊళ్ళో అందరికీ బోరు వేస్తే నీళ్ళు పడ్డాయి. మనకి నూనె పడింది."

"ఆయిలు కారుతోందిరా, నా కాలికి జిడ్డంటుకుంది," అంది సన్నెమ్మ.

"కారు అన్నాక కారదా అమ్మా? పేరే కారు," అన్నాడు కొండబాబు.

"ఆయిలు లేకపోతే బండి దారిలో ఆగిపోద్ది. నా కన్ను ఇలాగే ఉండిపోద్ది. మెకానిక్‌ని అడిగి చావండి."

ఇంజన్ బిగించిన మెకానిక్ సుభానీ అప్పుడు తునిలో వేరే పని మీద ఉన్నాడు. ఫోన్లోనే చెప్పాడు. "ఇంజన్ శుభ్రంగా కడగండి. పౌడరు వేసి కాసేపు బండి నడపండి. తడి ఎక్కడ కనిపిస్తే అక్కడే లీకు."

అంతే. ఇంజన్‌ని కుంకుడు రసంతో తలంటినట్టు కడిగారు. తర్వాత ముగ్గురూ మొహానికీ మెడకీ దట్టంగా పౌడరు వేసుకుని కారెక్కారు. మండుటెండలో ఊరు చుట్టి వచ్చి ఒకరినొకరు పరీక్షగా చూసుకున్నారు. జోగినాయుడి మెడ మీద పౌడరు తడిసి చారలు కట్టింది.

"లీకు దొరికింది భాయ్, మెడ దగ్గర," అని గవర్రాజు ఫోన్ చేశాడు.

ఇంజన్‌కి మెడేమిటో సుభానీకి అర్థం కాలేదు. పైభాగం గురించి అంటున్నాడనుకున్నాడు. "అయితే హెడ్డు దగ్గర ప్యాకింగ్ వదులై ఉంటుంది. బిగించండి."

"ఇంటికి హెడ్డు ఎవరు? పెద్దన్నయ్యే కదా," అన్నాడు జోగినాయుడు. ఇంకేముంది, గవర్రాజు తలకి గోనెపట్టా చుట్టి, తాడేసి ఇద్దరూ చెరో వైపు లాగి బిగించారు. కళ్ళు తేలేశాడు గాని, "ఇంకొంచెం లాగండిరా, ఇంకా కారుతూనే ఉంది," అన్నాడు.

మళ్ళీ ఫోన్. ఈసారి సుభానీ విసుక్కున్నాడు. "హెడ్డు బిగించినా ఆగలేదంటే వెనకాల సీలు పోయింది. కొత్త సీలు వేయాలి."

కొండబాబు పరుగున పంచాయతీ ఆఫీసుకి పోయి, బతిమాలి బతిమాలి రబ్బరు సీలు పట్టుకొచ్చాడు. కారు వెనకాల డిక్కీ నిండా "పరిశీలించడమైనది" అని ఊదా రంగులో గుద్దేశారు. ఆయిలు మాత్రం ఆగలేదు.

"ఆఫీసు సీలు చూస్తే ఎంతటి మనిషైనా నోరు మూసుకుంటాడు. దీనికేం పొగరు?" అన్నాడు జోగినాయుడు.

"దానికి చదువు రాదు కదా అన్నయ్యా," అన్నాడు కొండబాబు జాలిగా.

చివరికి సుభానీ, "బాబూ, నేను శుక్రవారం వస్తాను. చుక్క కూడా కారడం లేదని చూసుకోకుండా ఎవరూ ఆ బండి ఎక్కొద్దు," అని ఫోన్ పెట్టేశాడు.

చుక్క కూడా కారకూడదు. అంతే కదా. శుక్రవారం పొద్దున్నే కింది నట్టు విప్పి, ఉన్న ఆయిలంతా బకెట్లోకి దించేసి, నట్టు బిగించారు. కింద తెల్ల కాగితం పరిచి చూశారు. మచ్చ కూడా పడలేదు. అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టి బయలుదేరారు. బకెట్ ఇంట్లోనే ఉండిపోయింది.

అనకాపల్లి ఇంకా కనుచూపు మేరలో లేదు. ఇంజన్ కీచుమంది, మూలిగింది, పొగ చిమ్మి ఆగిపోయింది. తుని నుంచి వస్తున్న సుభానీకి ఫోన్ చేస్తే నేరుగా అక్కడికే వచ్చాడు. బానెట్ ఎత్తి చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"అయిపోయింది. ఇంజన్ పట్టేసింది."

సన్నెమ్మ కారు దిగింది. అటుగా వస్తున్న బస్సు చప్పుడు విని చెయ్యెత్తింది. కండక్టరు చెయ్యందిస్తే ఎక్కుతూ, "కన్ను బాగుపడితే వీళ్ళని స్పష్టంగా చూడాల్సొస్తుంది బాబూ, అదే నా బెంగ," అంది. బస్సు వెళ్ళిపోయింది.

గవర్రాజు మొహం మాత్రం వెలిగిపోతోంది. "విన్నార్రా? మనం ఇన్నాళ్ళు వెతికినా దొరకని లీకుని ఇంజనే పట్టేసింది."

"వదిలేస్తుందేమో అన్నయ్యా," అన్నాడు జోగినాయుడు.

అంతే. సుభానీ వద్దు వద్దంటున్నా వినకుండా, పట్టు జారిపోకుండా ముగ్గురూ కలిసి ఇంజన్‌కి నులక తాడు చుట్టడం మొదలుపెట్టారు.