పాదాన్ని అడగని పాదరక్షలు

ఒకానొక రాజ్యంలో అందరికీ అన్నీ తెలుసు. రాజుగారికి ఇంకాస్త ఎక్కువ తెలుసు. ఆయన పేరు గజకేసరి. ఒకనాడు ఆయన ఆస్థాన నేతశాలకు వేంచేసి, మగ్గం గుంటల్లో కాళ్లు పెట్టుకుని నేస్తున్న సాలెవారిని చూశాడు.

“ఛీ! నా నేతగాళ్లు ఎలుకల్లా గుంటల్లో కూర్చోవడమా? పరదేశపు రాయబారులు చూస్తే నా పరువేం కాను? గుంటలు పూడ్చి, మగ్గాలను పాలరాతి అరుగుల మీదికి ఎక్కించండి!”

మంత్రి ధీమణి పిట్టంత మనిషి. “ఆహా!” అన్నాడు. ఆయన ఉద్యోగమే అది. సేనాపతి “ఓహో!” అన్నాడు. పురోహితుడు ముహూర్తం పెట్టాడు. నేసేవాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

అరుగులెక్కాక తొక్కుడుచెక్కలు కాళ్లకు అందలేదు. గుంటలోని చెమ్మ లేక పట్టుపోగులు పుటుక్కు పుటుక్కున తెగాయి. దసరా ఊరేగింపుకు రాజుగారు కప్పుకోవలసిన ఉత్తరీయం జానెడైనా సాగలేదు.

“పండగ నాటికి నెయ్యకపోతే ఊరు విడిచి పొండి” అని ఆజ్ఞ వచ్చింది.

మగ్గాల పెద్ద భావనయ్య, విదూషకుడు కొండుభట్టు ఇంటికి పరుగెత్తాడు. కొండుభట్టు మామూలుగా ఎవరినీ మాట్లాడనివ్వడు. ఆవేళ నోరు మూసుకుని విన్నాడట. ఊళ్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

“రాజుగారితో చెప్పలేకపోయావా?”

“చెప్పబోయాను అయ్యవారూ. ‘నీ మంచికేరా’ అన్నారు. మంచి చేసేవారితో ఎలా వాదించను?”

“వాదించకు. మనమూ ఆయనకు మంచే చేద్దాం. రేపు సభకు రా.”

దసరాకు ముందు రాజుకు కొత్త పాదరక్షలు సమర్పించడం ఆ రాజ్యంలో విదూషకుడి వంతు. మర్నాడు నిండుసభలో కొండుభట్టు పళ్లెం మీద పట్టుగుడ్డ తీశాడు. చెప్పుల నిండా కెంపులే. రాజు ముచ్చటపడి తొడిగి, లేచి అడుగు వేసి, కుయ్యోమని సింహాసనం పట్టుకున్నాడు.

“ఏం చెప్పులివి? వేళ్లు బయట, మడమ బయట! ఎవరి కొలత తీశావు?”

“మంత్రిగారి కొలత ప్రభూ. రంగు సేనాపతిగారిని అడిగాను. కెంపుల సంగతి పురోహితులవారిని అడిగాను. అందరూ బ్రహ్మాండం అన్నారు.”

“నా పాదాన్ని అడిగావా?”

“పాదాన్నా! నేలమీద పడి ఉండేదానికి ఏం తెలుస్తుంది ప్రభూ? దాని మంచేదో మనమే చూడాలి గానీ.”

“తొడిగేది నేను! నొప్పి నాది! నన్ను అడక్కుండా నా కాళ్లకి...”

రాజు ఆగిపోయాడు. సభ చివర భావనయ్య తల దించుకుని తన కాళ్లకేసి చూసుకుంటున్నాడు.

“అవును ప్రభూ,” అన్నాడు కొండుభట్టు. “గుంటలు పూడ్చినప్పుడూ అచ్చం ఇలాగే అందరినీ అడిగాం.”

రాజు తన కాలి వంక చూశాడు, భావనయ్య వంక చూశాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. మంత్రి కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా.

“భావనయ్యా, ఇలా రావోయ్. ఆ గుంటలెందుకో చెప్పు.”

భావనయ్య చెప్పాడు, రాజు విన్నాడు. మళ్లీ గుంటలు తవ్వించాడు. ఇకమీదట సాలెవారిని అడగందే నేతశాలలో ఒక్క మేకునైనా కదపరాదని చాటింపు వేయించాడు. పండగకు ఉత్తరీయం సిద్ధమైంది.

“కొండుభట్టూ, నీకొక ఏనుగును...” అంటూ రాజు నాలుక కరుచుకున్నాడు. “ఏం కావాలో నువ్వే చెప్పు.”

“ఇంట్లో ఎక్కడ ఏం పెట్టాలన్నా మా ఆవిణ్ణి అడగాలి ప్రభూ.”

ఆవిడ బంగారు కంకణాలు చాలంది. రాజు మళ్లీ నవ్వి, ఇచ్చి పంపాడు.

ఆ కెంపుల చెప్పులను రాజు మంత్రిగారికే ఇచ్చాడు; అతికినట్టు సరిపోయాయి. ఊరేగింపు పొడుగునా ఆయన అవే తొడిగి, కెంపుల బరువుకు కాళ్లీడుస్తూ నడిచాడు. ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు.