ఫెళ్‌మన్న మాటకి అర్థం

ఏ కాలంలోనో తెలియదు గానీ, కుందవరం అని ఒక రాజ్యం ఉండేది. దాని రాజు రణధీరుడికి ఒక చోట కుదురుగా కూర్చునే గుణం లేదు. వేయించిన రంగు గీకించేవాడు, కట్టించిన మెట్టు పడగొట్టించేవాడు. ఈ కథ జరిగిన రోజుకి మర్నాడు పొరుగు రాజు విందుకి వస్తున్నాడు. అందుకని ఆ రోజు మరీ కాలు నిలవడం లేదు.

ఆయన ఆస్థానంలో అనంతభట్టు అనే పండితుడు ఉండేవాడు. చదువు చాలానే ఉంది. అయితే దాన్ని ఎదుటివాళ్లని తక్కువ చేయడానికే వాడేవాడు. అలాంటి చదువు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

నెల కిందట ఈయన రాజుతో ఇలా అన్నాడు. "ప్రభూ, మన జనం గలగల, టకటక, దబదబ అంటూ మాట్లాడుతున్నారు. ఈ మాటలు ఏ నిఘంటువులోనూ లేవు. కుండలూ గజ్జెలూ చేసే చప్పుళ్లకి అర్థమేమిటి? పొరుగు రాజు వింటే మనల్ని మోటువాళ్లనుకుంటాడు."

రాజు ముందూ వెనకా ఆలోచించలేదు. సభలో చప్పుడు మాట పలికినవాడి నాలుకకి వాత పెట్టాలని ఆజ్ఞ ఇచ్చాడు.

ఆ ఉదయం మల్లోజు అనే ముసలి వడ్రంగి సభకి వచ్చాడు. సభామంటపం కప్పుని ముప్పై ఏళ్లుగా కనిపెట్టుకుని ఉన్నది అతనే.

"మహాప్రభో, రేపటి విందు ఇక్కడ వద్దు. తమరి సింహాసనం మీదున్న పెద్ద దూలం లోపల పుచ్చిపోయింది" అన్నాడు.

రాజు తల పైకెత్తాడు. దూలం లత్తుక రంగుతో మెరుస్తోంది. "నిన్ననే పూత వేయించాను! ఎక్కడరా పుచ్చు?"

"పైకి కనబడదు ప్రభూ. సుత్తితో కొట్టి, చెవి ఆనించి వినాలి. గట్టి చెక్క ఖంగుమంటుంది. ఇది దబ్బుమంటోంది. పొద్దుటినించీ కొట్టకుండానే చిటచిటమంటోంది."

అనంతభట్టు లేచి నిలబడ్డాడు. "ఒకటి, రెండు, మూడు! ప్రభూ, మూడు నిషిద్ధ పదాలు! ఓరీ, ఆ చిటచిటకి అర్థమేమిట్రా?"

"అయ్యగారూ, అర్థమేమిటంటే... చిటచిట అనే."

"చూశారా! అర్థం చెప్పలేని మాట నమ్మి విందు మానుకోవాలా?"

రాజు ఇటూ అటూ నడిచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. చివరికి విసుగ్గా, "వాత పెట్టండి" అన్నాడు. మల్లోజు మొహం పాలిపోయింది. బంటు కర్రు కాల్చడానికి కదిలాడు.

అప్పుడు తిప్పన ముందుకి వచ్చాడు. రాజుకి సరసంగా నాలుగు మాటలు చెప్పి మనసు నిలపడం ఇతని ఉద్యోగం.

"ప్రభూ, వాతకి ముందు చిన్న పరీక్ష. అర్థం లేని మాట వింటే మనిషి కదలడు కదా? మల్లోజుని ఇంకొక్క చప్పుడు మాట అననివ్వండి. అందరం ఆ దూలం కిందే కూర్చుందాం. ఎవరూ కదలకపోతే అతని నాలుకతో పాటు నా నాలుకకీ వాత పెట్టించండి. కదిలారా, ఆ మాటకి అర్థం ఉన్నట్టే."

"కదలడమా!" అని నవ్వాడు అనంతభట్టు. "నేను కనురెప్ప కూడా ఆర్పను." తన పీట తెచ్చి సింహాసనం పక్కనే వేసుకున్నాడు.

తిప్పన వడ్రంగి చెవిలో ఏదో చెప్పాడు. మల్లోజు తల ఎత్తి దూలం వైపు చూస్తూ నిలబడ్డాడు. చూస్తూనే ఉన్నాడు.

ఒక మంత్రి మెల్లిగా పైకి చూశాడు. అతన్ని చూసి ఇంకొకరు చూశారు. రాజు ఒక కాలు ముడిచాడు, చాచాడు. ఎక్కడినించో కాస్త పొడి రాలి ఆయన మోకాలి మీద పడింది. దులుపుకున్నాడు. మళ్లీ పడింది. అనంతభట్టు నుదురు తడిసింది.

"కానియ్యరా, తొందరగా!" అన్నాడు రాజు.

మల్లోజు గొంతు చించుకుని అరిచాడు. "ఫెళ్!"

రాజు ఒక్క గెంతులో సింహాసనం దాటాడు. మంత్రులు ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తారు. అందరూ బయట వాకిట్లో పడేసరికి అక్కడ అనంతభట్టు అప్పటికే నిలబడి ఉన్నాడు. పై కండువా లేదు.

రాజు రొప్పుతూ వెనక్కి చూశాడు. కప్పు కప్పులాగే ఉంది. కోపం వచ్చింది. "ఏమీ పడలేదే! నన్ను ఆట పట్టిస్తావా?"

"ఎందుకు లేచారు ప్రభూ?" అని అడిగాడు తిప్పన.

రాజు తన కాళ్లకేసి చూసుకున్నాడు.

మల్లోజు ఒక్కడే లోపలికి వెళ్లి, నిచ్చెన ఎక్కి, దూలానికి ఉలి ఆనించి నొక్కాడు. సుత్తి అవసరం లేకపోయింది. ఉలి పిడిదాకా దిగింది. లాగితే బొరియలోంచి గుప్పెళ్లకొద్దీ పొడి సింహాసనం మీద రాలింది.

రాజు గుమ్మంలోంచి ఆ పొడిని చూశాడు. మర్నాడు ఆ సింహాసనం చుట్టూ ఐదువందలమంది కూర్చోవలసింది.

"వాత ఆజ్ఞ రద్దు" అన్నాడు. "విందు ఆరుబయట పందిట్లో. భట్టుగారూ, ఆ 'ఫెళ్' మాటని నిఘంటువులో చేర్చండి."

అనంతభట్టు తల వంచుకుని వడ్రంగి దగ్గరికి వెళ్లాడు. "ఏమని రాయమంటావు నాయనా?"

"విన్నాక రాస్తూ కూర్చోకూడదని రాయండి అయ్యగారూ."

రాజు పెదవులు వణికాయి. నవ్వు ఆపుకుంటూ తిప్పన వైపు తిరిగాడు. "అది సరే గానీ, ఆ మాట అనమని చెప్పింది నువ్వే. ఉత్తుత్తి అరుపని నీకు తెలుసు. మరి నువ్వెందుకు పరిగెత్తావోయ్?"

"నాకు తెలుసు ప్రభూ. దూలానికి తెలియదు కదా!"

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే తన చేతి కడియం తీసి మల్లోజుకి తొడిగాడు, భుజం మీది శాలువా తిప్పనకి కప్పాడు. ఆ తరవాత, ఆ రోజుకి మొదటిసారి, వాకిటి అరుగు మీద కుదురుగా కూర్చున్నాడు.