సూర్యుడి మీద గంగసాని ఫిర్యాదు

ఎండలకు పేరుమోసిన ఒకానొక రాజ్యాన్ని రణభైరవుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు గొప్పలంటే చెవి కోసుకునేంత ఇష్టం. కొలువుకు వచ్చినప్పుడల్లా భట్రాజులు ముందు నడుస్తూ, "సూర్యుడు సైతం ఎవరి ఆజ్ఞకు లోబడి సంచరిస్తాడో, ఆ ప్రచండమార్తాండ రణభైరవ మహారాజు వేంచేస్తున్నారు!" అని ఎలుగెత్తి చాటాలి. గొంతు తగ్గితే ఆ పూట వాళ్లకు భోజనం లేదు.

ఒకసారి ఓడ వర్తకుడొకడు ఆయనకు చిన్న సంచిలో విత్తనాలు తెచ్చి కానుక పెట్టాడు. అవి సూదుల్లా సన్నగా, నల్లగా ఉన్నాయి.

"ఇది మా చలిదేశపు ఆకు ప్రభూ. చూపుకు కొత్తిమీర, వాసనకు సోంపు. మా దొరలకు ఇది లేనిదే ముద్ద దిగదు" అన్నాడు.

దొరలు తినే ఆకు అనగానే రాజు దానికి రాజకొత్తిమీర అని పేరు పెట్టాడు. తాను తప్ప ఇంకెవరూ దాన్ని నోట పెట్టరాదని దండోరా వేయించాడు. అంతటితో ఊరుకోక, జ్యేష్ఠమాసంలో తన పుట్టినరోజు విందుకు రమ్మని పొరుగు రాజుకు కబురంపాడు. "మీరు జన్మలో ఎరగని ఆకు వేసి పప్పు వడ్డిస్తాను" అని కూడా చెప్పించాడు.

వంటశాల తోటమాలి అంకప్ప ఫాల్గుణంలో విత్తనం చల్లాడు. మొక్కలు జానెడు లేచాయి. చైత్రం ఎండ తగలగానే ఒక్కసారిగా కాడలు సాగి, తెల్లటి పూత పూసి, ఆకంతా ఎర్రబారి చేదెక్కింది.

"నా ఆజ్ఞ లేకుండా నా మొక్క పూస్తుందా? పూయించినవాడే ద్రోహి!" అని రాజు అంకప్పను చెరసాలలో వేయించాడు. అతని పెళ్లాం గంగసానిని పిలిచి, "మిగిలిన విత్తనం నువ్వు వెయ్యి. విందునాటికి ఆకు వస్తే నీ మొగుడు బయటికొస్తాడు. రాకపోతే అక్కడే ఉంటాడు" అన్నాడు.

గంగసాని చెరసాల కటకటాల దగ్గరికి వెళ్లింది. అంకప్ప దగ్గుతూ లేచి వచ్చాడు.

"నీడన వెయ్యి. విత్తినచోటే పెరగనివ్వు, పీకి నాటితే ఆ వేరు బతకదు" అన్నాడు. మళ్లీ దగ్గి, "ఎంత చేసినా ఈ ఎండల్లో అది నిలవదే గంగీ. ఆశ పెట్టుకోకు" అన్నాడు.

ఆశ లేకపోయినా చేతులు ఊరుకోవు కదా! గంగసాని మడి చుట్టూ వట్టివేళ్ల తడికలు కట్టింది. రోజుకు నాలుగుసార్లు నీళ్లు చిలకరించింది. ఇరవై మొక్కలు మొలిచాయి. వాటిని చూడడానికి రాజు స్వయంగా వచ్చి, "బాగున్నవి పది తీసి బంగారు కుండీల్లో నాటి కొలువులో పెట్టండి" అన్నాడు.

"వేరు కదిపితే చస్తాయి ప్రభూ!" అని ఆమె కాళ్లమీద పడింది.

"నా కొలువులో ఏదీ చావదు" అన్నాడు రాజు.

ఆ సాయంత్రానికే పదీ వాలిపోయాయి. మిగిలిన పదీ పూతకొచ్చాయి. ఆమె పొద్దున కాడ తుంచితే మధ్యాహ్నానికి పక్కన ఇంకో కాడ లేచేది. విందుకు రెండు రోజులుందనగా మడిలో పచ్చనిదేదీ మిగల్లేదు. కావలివాడు వచ్చి, "నీ మొగుడికి కాళ్లు పొంగాయి, నిలబడలేకపోతున్నాడు" అని చెప్పిపోయాడు. గంగసాని ఆ ఎండిన మడిలోనే కూలబడింది. ఏడుద్దామన్నా కన్నీరు రాలేదు.

అంతలో తోట గోడ అవతల రాజు పల్లకి పోతోంది. భట్రాజులు ఎప్పటిలాగే అరుస్తున్నారు. వెయ్యిసార్లు విన్న మాటే. ఆ రోజు మాత్రం గంగసాని తలెత్తి ఒక్కొక్క ముక్కా విన్నది.

విందునాడు పొరుగు రాజు ఎదుట రణభైరవుడు మీసం దువ్వి, "ఏదీ రాజకొత్తిమీర?" అన్నాడు.

గంగసాని ఉత్త చేతులతో వచ్చి నిలబడింది. "ఆకు లేదు ప్రభూ. ఫిర్యాదు తెచ్చాను."

"ఎవరి మీద?"

"ఏలినవారి నౌకరు ఒకడి మీద. తమ మొక్కలన్నిటినీ వాడే చంపాడు."

"ఎవడు వాడు? పేరు చెప్పు, తోలు ఒలిపిస్తాను!"

"సూర్యుడు ప్రభూ."

పొరుగు రాజు విస్తరి మీంచి తలెత్తి చూశాడు.

"తమ ఆజ్ఞకు లోబడి తిరుగుతాడని రోజూ వింటున్నాం" అంది గంగసాని. "వాణ్ణి పట్టి తెప్పించండి. నలభై రోజులు మెల్లగా కాయమని చెప్పండి, ఆకు నేను పెంచుతాను. వినకపోతే నా మొగుడున్న కొట్లోనే వెయ్యండి. తమ మాటే వినని వాణ్ణి తోటమాలి ఆపలేదని ఇన్నాళ్లు చెరలో పెట్టారు. ఇదేం ధర్మం ప్రభూ?"

ఆమె చమత్కారానికి అనలేదు. ఇంక పోయేదేమీ లేని మనిషి గొంతు అది.

రాజు భట్రాజుల వంక చూశాడు. వాళ్లు నేల చూపులు చూశారు. పొరుగు రాజు ఉత్తరీయం నోటికడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. రణభైరవుడి మొహం కందగడ్డలా అయింది. కోపమో సిగ్గో తేలక, చివరికి తనూ ఫక్కున నవ్వేశాడు.

"ఆ నౌకరు నా మాటా వినడు లేవే!" అని మెడలోని ముత్యాల పేరు తీసి ఆమెకిచ్చాడు. "అంకప్పను విడిచిపెట్టండి. మరి ఆ ఆకు ఎప్పుడొస్తుందో చెప్పు?"

"కార్తీకంలో విత్తితే పుష్యంలో వస్తుంది. పప్పులో ఉడికించకూడదు ప్రభూ, దించాక తుంచి వేయాలి. లేకపోతే వాసన పోతుంది."

సభంతా నవ్వుతూనే ఉంది. గంగసాని ముత్యాలు కొంగున కట్టుకుని చెరసాల వైపు పరుగెత్తింది.

అంకప్పను ఇద్దరు పట్టుకుని ఇంటికి చేర్చారు. ఆ తర్వాత అతడు మడి దగ్గర గొంతుక్కూర్చోలేకపోయాడు. కార్తీకంలో ఆమె ఒక్కతే విత్తింది. పుష్యంలో ఆకు దట్టంగా, లేతగా వచ్చింది. రాజు పప్పులో కలుపుకుని రెండు ముద్దలు తిని, "బాగుంది" అన్నాడు. మూడో ముద్దకు ఆవకాయ అడిగాడు. ఆపైన ఆ ఆకు ఊసే ఎత్తలేదు. దండోరా సంగతీ ఎవరికీ గుర్తులేదు.

గంగసాని నాలుగు రెమ్మలు ఇంటికి తెచ్చి వేడి గంజిలో తుంచి వేసింది. చెర అనుభవించాడే గానీ అంకప్ప దాన్ని ఎన్నడూ నోట పెట్టి ఎరగడు. నెమ్మదిగా నమిలాడు.

"సోంపు వాసనే" అన్నాడు.

మళ్లీ నమిలి, పొంగిన కాళ్ల వంక చూసుకుని, "దీనికేనా గంగీ?" అని అడిగాడు.

నిండుసభలో రాజుకు మాట లేకుండా చేసిన గంగసాని గంజి ఊది చల్లార్చి ఇంకో గుక్క తాగించింది.